‘తిథి’: పట్టా ఉన్న నవ్వు

నూటొక్క ఏండ్ల సెంచరీ గౌడ దారిన పోయేటోళ్లను తిట్టి తిట్టి, ఒంటికి పోయి అక్కడే కూలిపోతడు. 2015లో లొకార్నోలో బహుమతి పొందిన రామ్‌ రెడ్డి కన్నడ సినిమా ‘తిథి’ ఇట్ల మొదలవుతుంది. పదకొండో రోజు భోజనాల హడావిడిలోనే మనవడు తమ్మన్న, బతికున్న తండ్రి గడ్డప్పకు దొంగ మరణపత్రం పుట్టించి అయిదెకరాలు అమ్మజూస్తాడు. నవ్వు ఆపుకోలేం.

అయితే కాగితం మీద చంపాలన్నా ముందు పట్టాలో పేరుండాలె గదా! భూమిలేని మాదిగ ముసలోడి కొడుక్కు ఆ అవసరమే రాదు. గడ్డప్ప ఆస్తిని పట్టించుకోక గొర్రెలకాపర్లతో తిరగడం బాగుంది (నాకు బాగా నచ్చిన మనిషి). వదులుకోను అతనికి భూమి ఉంది. మండ్య జిల్లా ఊళ్లో, నటన తెలియని ఊరోళ్లతో తీయడం మెచ్చదగిందే. తిథి భోజనంలో హొలెయ, మాదిగలు ఎక్కడ కూచొని తిన్నరు? సినిమా ఆ ఊసెత్తదు.