పూసా గుళికలు, చెరువు మట్టి

టమాటా తోట బెట్టను తట్టుకోవాలంటే నేలలో ఏం కలపాలి? రాయలసీమ ఎర్ర నేలల్లో, తెలంగాణ చెలకల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్ గుళికలు. రెండోది ఊరి చెరువులోని పూడిక మట్టి.

గుళికలు తమ బరువుకు 350 రెట్లు నీళ్లు పీలుస్తాయన్న మాట వినగానే ఆశ పుడుతుంది. ఆ లెక్కను పొలంలో పెట్టి చూద్దాం. ఎకరాకు సిఫారసు ఒకటి నుంచి రెండు కిలోలు. రెండు కిలోలు వేసినా ఒక తడికి అవి పట్టి ఉంచేది 700 లీటర్లే. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు దాదాపు 15 వేల మొక్కలు పడతాయి. మొక్కకు 50 మిల్లీలీటర్లు కూడా రావు. కాయ మీదున్న మొక్క మండుటెండలో ఒక్క రోజులో తాగేది దానికి ఎన్నో రెట్లు. పైగా ఆ 350 రెట్లు ఉప్పులు లేని శుద్ధ జలంలో వచ్చిన లెక్క. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న బోరు నీళ్లలో గుళిక అంతగా ఉబ్బదు.

అలాగని తీసిపారేయలేం. నారు నాటిన మొదటి రోజుల్లో వేరు చిన్నది, దాని దాహమూ చిన్నదే. గుళికలను పొడి మట్టితో కలిపి, సాలులో వేరు అందే లోతున వేసి కప్పితే, తడి పెట్టగానే అవి గాజుముక్కల్లాంటి జెల్లీగా మారతాయి. ఆ కాస్త నీరే నారును నిలబెట్టగలదు. అక్కడ వాటి విలువను నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

కాయ దశలో వచ్చే బెట్టకు మాత్రం నేల గుణమే మారాలి. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలో నీరు నిలవదు. పూడికలోని సన్నని బంకమన్ను, కుళ్లిన ఆకూ అలమూ ఆ నీటిని పట్టి ఉంచుతాయి, పోషకాలనూ ఇస్తాయి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వేసవిలో తోలి, గడ్డలు చిదిపి, తొలకరికి కలియదున్నాలి. ఆ మట్టిలో చౌడు ఉందేమో ముందే పరీక్ష చేయించాలి. నల్లరేగడికి ఇది పనికిరాదు.

తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీత ఖర్చు ప్రభుత్వం భరించింది, పొలానికి తోలుకునే ఖర్చు రైతు మీద పడింది. చిక్కంతా అక్కడే ఉంది. ఎకరాకు పదుల ట్రాక్టర్ల మట్టి కావాలి. ఏడాది కౌలుకు చేసేవాడు వచ్చే ఏడు తనది కాని నేలకు అంత ఖర్చు ఎందుకు పెడతాడు? సంచిలో ఇంటికి తెచ్చుకునే గుళికలే అతనికి అందుతాయి. పూడిక రవాణాకు సాయం కౌలు రైతు పేరున ఇవ్వాలి, భూమి అతని చేతిలో కనీసం మూడేళ్లు ఉండేలా రాసివ్వాలి.