నిదానం ఎవరి భరోసాతో?

లినక్స్ డిస్ట్రోలు స్థూలంగా రెండు రకాలు. డెబియన్ స్టేబుల్ వంటివాటిలో దాదాపు రెండేళ్ళకోసారి కొత్త విడుదల వస్తుంది. ఈలోగా భద్రతకు, దోషాలకు సంబంధించిన సవరణలే తప్ప పెద్ద మార్పులుండవు. ఆర్చ్ వంటి రోలింగ్ డిస్ట్రోలలో విడుదలలన్నవే లేవు. కొత్త సాఫ్ట్‌వేర్ తయారైన కొద్ది రోజులకే వాడుకరికి చేరుతుంది. ఈ రెంటికీ నడుమ, రోలింగే అయినా కాస్త నిదానించి నడిచేవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగానికి వాడే కంప్యూటర్‌కు ఇవే క్షేమమని ఒక వాదన. అది ఎంతవరకు నిలుస్తుంది?

నిదానంలోనూ భేదాలున్నాయి. మంజారో, ఆర్చ్ ప్యాకేజీలను తన పరీక్షా శాఖల్లో కొన్నాళ్ళు నిలిపి, ఆపైన గుత్తగా వదులుతుంది. డెబియన్ టెస్టింగ్‌లోకి ప్యాకేజీ రావాలంటే, మామూలుగా అన్‌స్టేబుల్‌లో రెండు నుంచి పది రోజులు తీవ్రదోషాలేవీ బయటపడకుండా గడవాలి. ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్ గడువును కాక, ఓపెన్‌క్యూఏ అనే యాంత్రిక పరీక్షలను నమ్ముకుంటుంది. 2023లో ప్రయోగంగా మొదలైన స్లోరోల్, అదే టంబుల్‌వీడ్‌ను సుమారు నెలకోసారి అందిస్తూ, భద్రతా సవరణలను మాత్రం వెంటవెంటనే పంపుతుంది.

వీటికి అసలు పరీక్ష 2024లో ఎదురైంది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి అమర్చారు. మొదటిది ఫిబ్రవరి చివర్లో వెలువడింది. గుట్టు మార్చి 29న రట్టయింది. ఆ నడిమి అయిదు వారాల్లో డెబియన్ టెస్టింగ్ గడువూ, టంబుల్‌వీడ్ పరీక్షలూ దాన్ని ఆపలేకపోయాయి. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన డెబియన్ అన్‌స్టేబుల్ యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆయన తవ్వి చూశారు.

అంటే దోషాన్ని కాలం కనిపెట్టదు. ముందు నడిచేవారిలో ఒకరు కనిపెడతారు. నిదానంగా నడిచేవాడి భద్రత వారి జాగరూకత మీద తీసుకున్న అప్పు. అందరూ ఆగి చూద్దామనుకుంటే చూసేవారే ఉండరు.

కనుక డిస్ట్రోను ఎంచుకునేటప్పుడు ‘ఎన్నాళ్ళు ఆపుతారు’ అన్నది చాలని ప్రశ్న. ఆపిన రోజుల్లో ఎవరు, ఏమి పరీక్షిస్తున్నారు? భద్రతా సవరణలు కూడా ఆ వరుసలోనే నిలబడాలా? అప్‌డేట్ చెడగొడితే వెనక్కి మళ్ళే వీలుందా? టంబుల్‌వీడ్‌లో సాధారణంగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు ఆ వీలు కల్పిస్తాయి. మంజారోలో ఏయూఆర్ నుంచి తెచ్చుకునేవి తాజా ఆర్చ్‌ను ఉద్దేశించి రాసినవి కావటంతో, ఒక్కోసారి ఆ ఆలస్యమే చిక్కు తెస్తుంది.

ఈ ప్రశ్నలకు జవాబిచ్చే నిదానమే నిదానం. తక్కినది ఆలస్యం.