29 పట్‌లు, ఎంత దూరం నుంచి?

మొన్న ఆదివారం ఆట అయ్యాక ఇంజినీరు గారు స్కోర్‌కార్డు జేబులో పెట్టుకోలేదు. చేతిలో పట్టుకునే క్యాంటీన్ దాకా నడిచారు. ఎదురొచ్చిన ప్రతివాడికీ చూపించాలి కదా. "ఇరవై తొమ్మిదే అన్నా! పద్దెనిమిది హోల్స్‌కి ఇరవై తొమ్మిదే పట్‌లు. ఇయ్యాల ఛాయ్ నాది" అన్నారు. ఛాయ్ తాగాను, ఉస్మానియా బిస్కెట్లు కూడా వదల్లేదు. అయినా ఇల్లు చేరేదాకా ఒళ్లు మండుతూనే ఉంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి ఇంజినీరు గారు కొత్త కాదు. కాలువలు తవ్వించి రిటైరైన మనిషి, ప్రొద్దుటూరులో నా పక్క ప్లాటు. (బంగారు కొట్ల ప్రొద్దుటూరు కాదు, శంకర్‌పల్లి రోడ్డులో ప్రగతి రిసార్ట్స్ ఉన్న ప్రొద్దుటూరు. ఇది ఏడాదికోసారైనా చెప్పకపోతే కడప నుంచి ఉత్తరాలు మొదలవుతాయి.) ఇద్దరం ఒకే కారులో గోల్కొండ నయా ఖిల్లా కోర్సుకి వెళ్తాం, దారి పొడవునా పోట్లాడుకుంటాం.

కోపం ఆయన మీద కాదు, ఆ 29 మీద. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడేవాళ్ల సగటు కూడా రౌండుకి దాదాపు అంతే. మరి మా ఇంజినీరు గారు పట్టర్ పట్టుకుంటే వాళ్లతో సమానమా? ఆ రోజు ఆయన స్కోరు 96! కిటుకు ఇది. పార్ ఫోర్‌లో రెండు దెబ్బలకి గ్రీన్ ఎక్కడం ఆయనకి ఎప్పుడో గానీ కుదరదు. బంతి గ్రీన్ పక్కన ఆగుతుంది. అక్కణ్నుంచి చిప్ చేస్తారు, హోల్‌కి నాలుగడుగుల్లో ఆగుతుంది, ఒక పట్‌తో పని అయిపోతుంది. రెండు దెబ్బలకే గ్రీన్ ఎక్కినవాడు నలభై అడుగుల నుంచి మొదలుపెట్టి రెండు పట్‌లు తీసుకుంటాడు. కార్డు చూస్తే వీడు మొద్దు, ఆయన మొనగాడు.

ఈ చిక్కుముడి విప్పినవాడు కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ. టూర్‌లో ప్రతి దెబ్బనీ లేజర్లతో కొలిచి దాచిన లెక్కలు ముందేసుకుని, ఏ దూరం నుంచి సగటున ఎన్ని పట్‌లు పడతాయో తేల్చాడు. 2011 నుంచి పీజీఏ టూర్ పటింగ్‌ని ఆ పద్ధతిలోనే తూస్తోంది. ఎనిమిది అడుగుల నుంచి టూర్ ఆటగాడు కూడా సగం సార్లే వేయగలడు, అంటే సగటు ఒకటిన్నర పట్. అక్కణ్నుంచి ఒక్కదాంట్లో వేస్తే అర దెబ్బ లాభం, రెండు తీసుకుంటే అర దెబ్బ నష్టం. మూడడుగుల నుంచి నూటికి 96 సార్లు వాళ్లు వేస్తారు కాబట్టి మీరు వేసినా మిగిలేది చిల్లర. 33 అడుగుల నుంచి రెండు పట్‌లంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. టీవీలో పదడుగుల పట్ తప్పినవాణ్ని మనం తిట్టుకుంటాం గానీ, అక్కణ్నుంచి వాళ్లు పదింట్లో నాలుగే వేస్తారు.

అదే ఆదివారం సాయంత్రం చిలుకూరు వెళ్లాం. మాకు దగ్గరే, మా ఆవిడ పట్టుబట్టింది. వీసా బాలాజీ గుడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక వచ్చి 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు ఒకటి చేతికిస్తారు. చుట్టుకో అంకె కొట్టేసుకుంటూ పోవాలి. ఆ జనాన్ని చూస్తూ కూర్చోవడం నాకు భలే ఇష్టం. ఐటీ కుర్రాళ్లు, కొత్త పెళ్లికూతుళ్లు, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మలు, అందరి చేతుల్లోనూ కార్డూ పెన్నూ. పెన్ను తెచ్చుకోని కుర్రాడొకడు గోటితో కార్డు గిల్లుకుంటూ తిరుగుతున్నాడు. ఒకమ్మాయికి నడుస్తుండగా ఫోనొచ్చింది. మాట్లాడుతూనే చుట్టు పూర్తి చేసింది. పెట్టేశాక కార్డు వంక చూసింది, కాసేపు ఆలోచించింది, అంకె కొట్టకుండానే మరో చుట్టు మొదలుపెట్టింది. అడిగేవాళ్లు లేరు, తనిఖీ లేదు. హుండీ కూడా లేని గుడి అది. అంకె కొడితే ఎవరు కాదంటారు?

మా స్కోర్‌కార్డూ ఆ కార్డూ ఒక్క తీరే. చుట్లెన్నో చెబుతుంది, ఏ చుట్టులో మనసు ఎక్కడుందో చెప్పదు. ఆ అమ్మాయి మాత్రం తనకి తానే చెప్పుకుంది. (గోల్ఫ్ హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. నాలుగుంపావు అంగుళాల్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే అంత వచ్చింది, అంతే. వాట్సాప్‌లో ఎవరూ సిద్ధాంతాలు పంపకండి.)

గోల్ఫ్‌లో ఆ అమ్మాయి దారిన నడిచినవాడు సాహిత్ తీగల. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు, కుర్రాడు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు, 2023లో నాపాలో తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. ఆ గెలుపు కన్నా నాకు గుర్తుండేది 2024 టూర్ చాంపియన్‌షిప్. అట్లాంటాలో ఈస్ట్ లేక్ కోర్సు, మూడో రౌండు. బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తుంటే ఇసుకకి తగిలిందనిపించింది. తనే రూల్స్ అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల పెనాల్టీ వేయించుకున్నాడు. కోట్ల డాలర్ల పందెం నడుస్తున్న చోట. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. ఎవరి లెక్క వాళ్లే రాసుకునే ఆట ఇది. ఇలాంటివాళ్లు నలుగురున్నంత కాలమే ఆ లెక్కకి విలువ.

అందుకే నాది కార్డు కాదు, చిన్న నోట్‌బుక్. హోల్‌కి ఒక్క వరసే. మొదటి పట్ ఎన్ని అడుగుల నుంచి, ఎన్ని పట్‌లు, తప్పితే పొట్టిగా ఆగిందా దాటిపోయిందా, వాలుకి ఎగువన తప్పిందా దిగువనా. దూరానికి టేపక్కర్లేదు, బంతి నుంచి హోల్ దాకా అంగలేస్తే చాలు, అంగకి మూడడుగులు. వానాకాలమా ఎండాకాలమా అన్నదీ పైన రాస్తాను. తడిసిన గ్రీన్ మీద వేసిన పట్‌నీ ఎండిన గ్రీన్ మీద వేసిన పట్‌నీ కలిపి సగటు తీస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఈ చలిరోజుల్లో నోట్‌బుక్ కన్నా నిక్కచ్చిగా రాసేది మంచు. పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో వెళ్తే గ్రీన్ మీద తెల్లటి పొర ఉంటుంది, బంతి వెళ్లిన దారి పచ్చగా గీత పడిపోతుంది. ఆదివారం మూడో హోల్‌లో నా గీత చూశాను. మొదటి బెత్తెడు గీతే లేదు, బంతి గాల్లో ఎగిరింది. ఆ తర్వాత కుడికి మొదలై, వాలుకి లొంగి, హోల్‌కి దిగువన రెండడుగుల ముందే ఆగింది. క్యాడీ గీత వంక చూసి "రోజూ గిట్లనే సార్" అన్నాడు. నాకు నెలలు పట్టిన నోట్‌బుక్ సారాంశం అది.

ఇంటికొచ్చి ఇంజినీరు గారి 29ని తూద్దామని కూర్చున్నాను. ఏ హోల్‌లో ఆయన బంతి ఎక్కడాగిందో గుర్తుంది. దూరాలు రాస్తే బండారం బయటపడుతుందనుకున్నా. రాశాను. నాలుగడుగులు, మూడు, ఐదు, మళ్లీ మూడు. చెట్ల కింది నుంచి, బంకర్ అంచు నుంచి, గడ్డి గుబురుల్లోంచి చిప్ చేసి బంతిని అంత దగ్గర పెట్టడం మా జట్టులో ఇంకెవరికి వచ్చు? ఆ 29 అబద్ధం కాదు. దాన్ని సంపాదించింది పట్టర్ కాదు, వెడ్జ్. నా నోట్‌బుక్‌లో మొదటి గడి నిండా ముప్ఫైలూ నలభైలూ. ఆ దూరాల నుంచి త్రీ పట్ పడుతోందంటే పట్టర్‌ని తిట్టి లాభం లేదు, అంతకుముందు కొట్టిన ఐరన్‌ని తిట్టాలి. బ్రాడీ లెక్కలోనూ అంతే. టూర్‌లో మేటి ఆటగాళ్లు మిగతావాళ్లని ఎంత మించిపోతారో విడదీస్తే, అందులో పటింగ్ వాటా 15 శాతమే, గ్రీన్ మీదికి కొట్టే దెబ్బలది 40. పటింగ్ మెరుగుపడాలని నోట్‌బుక్ పట్టినవాణ్ని, పటింగ్ ప్రాక్టీసు సగానికి తగ్గించి ఐరన్లు పట్టుకోబోతున్నాను. ఇంట్లో హాలు నిండా పరిచిన పటింగ్ మ్యాటు చుట్టేస్తానంటే మా ఆవిడ నమ్మడం లేదు.

గిమ్మీ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. రెండడుగుల్లో ఆగిందని "తీసుకో అన్నా" అనడం మర్యాద, ఒప్పుకుంటాను. 1969 రైడర్ కప్‌లో ఆఖరి హోల్ దగ్గర జాక్ నిక్లాస్ టోనీ జాక్లిన్‌కి పట్ వదిలేశాడు, పోటీ 16-16తో సమమైంది. ఆ సంగతి ఇంజినీరు గారు కారెక్కిన ప్రతిసారీ నాకు గుర్తుచేస్తారు. కానీ అది ఇద్దరు ముఖాముఖి తలపడే మ్యాచ్ ప్లే, అక్కడ రూలే ఒప్పుకుంటుంది. దెబ్బల లెక్క మీద నడిచే ఆటలో బంతి హోల్‌లో పడి తీరాలి. పైగా రెండడుగుల పట్ మీద మా వయసువాళ్ల చేతులు ఎలా వణుకుతాయో నాకు తెలుసు, లెక్క అవసరమైంది సరిగ్గా అక్కడే. వదిలేసిన పట్‌కి నా నోట్‌బుక్‌లో గడి ఖాళీగా ఉంటుంది. ఆయన కార్డులో అక్కడ ఒకటి వేసుకుంటారు.