నొప్పులు మొదలైన తొలి గంటలు

తొలిచూలు అమ్మాయికి నడుములో సలుపు మొదలై, పొత్తికడుపు గట్టిగా బిగుసుకుని మళ్ళీ వదులైందంటే ఇవాళ మన ఇళ్ళలో ముందుగా కారు తాళాల కోసం వెతుకుతారు. వెనకటి ఇళ్ళలో ముందు పొయ్యి మీద నీళ్ళు పెట్టేవాళ్ళు. ఒక పెద్దామె వచ్చి పక్కన కూర్చుని, కాసేపు ఏమీ చేయకుండా ఊరికే చూసేది. ఆ చూడటంలో ఒక విద్య ఉంది. మంత్రసానితో పాటు అదీ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

ఇంట్లో కనమని నేను చెప్పడం లేదు. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి, జరుగుతోంది కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఎందరో తల్లులు బతికి బట్టకట్టింది అందువల్లే. కానీ అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది: సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశమంతా కలిపి చూస్తే 21.5 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ముహూర్తాల పిచ్చి ఒకటి. నొప్పి అంటే భయం ఇంకొకటి. మొదటి నొప్పికే ఆసుపత్రికి పరుగెత్తి, మంచం మీద పడుకోబెడితే గంటలు గడిచినా కాన్పు ముందుకు సాగక, బెదిరిపోయి, "ఇక ఆపరేషన్ చేసేయండి" అని ఇంటివాళ్ళే అడిగే పరిస్థితి ఆ భయం నుంచే పుడుతుంది.

అసలు ఆ తొలి గంటల్లో జరిగే పని పైకి కనిపించదు. గర్భసంచి ముఖద్వారం ముందు మెత్తబడాలి, పలచబడాలి, ఆ తర్వాతే తెరుచుకోవడం ఊపందుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టు లెక్క. దానికి ముందు దశ ఎంతసేపు ఉంటుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. తొలి కాన్పులో ఒక పగలూ ఒక రాత్రీ పట్టినా అది లోపం కాదు. "ఇంకా పొద్దుంది బిడ్డా, జర ఓపిక పట్టు" అని తెలంగాణ పల్లెల్లో ముసలమ్మలు అనే మాటలో ఈ ఎరుక ఉంది.

దొంగనొప్పులా, నిజం నొప్పులా అని తేల్చుకోవడానికి వాళ్ళు చేసేది చాలా సులువు. కాసేపు నడిపిస్తారు, వేన్నీళ్ళు పోస్తారు, ఏదైనా తాగించి పడుకోబెడతారు. దొంగనొప్పులైతే చాలాసార్లు వాటంతటవే సర్దుకుంటాయి. నిజమైనవి ఏం చేసినా ఆగవు. ఒకదానికొకటి దగ్గరవుతూ, బలం పుంజుకుంటూ వస్తాయి. రాత్రిపూట మొదలైతే మాత్రం నడవమని తొందరపెట్టకూడదు. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, నొప్పికీ నొప్పికీ నడుమ కునుకు తీయనివ్వాలి. ముందున్న పెద్ద పనికి ఆ నిద్రే బలం. గంజి, రాగిజావ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఏవి సయిస్తే అవి కొంచెం కొంచెంగా ఇస్తుండాలి, డాక్టరు వద్దని చెప్పి ఉంటే తప్ప. గంటా రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్ళమని గుర్తు చేయాలి. మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డం పడుతుంది. చాలా చిన్న విషయం కాబట్టే అందరూ మరిచిపోతారు.

ఇక నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలి? వెల్లకిలా పడుకోవడం అన్నిటికంటే కష్టమైన భంగిమ. గోడకో కిటికీ చువ్వలకో చేతులు ఆనించి ముందుకు వంగి, నడుమును అటూ ఇటూ మెల్లగా ఊపితే బిడ్డ బరువు వెన్ను మీద నుంచి ముందుకు జరుగుతుంది. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, వీపు ఆనించే చోట దిండు పెట్టుకుని దాని మీద వాలిపోవచ్చు. చాప మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి ఇల్లు అలికే అమ్మాయిలా వంగవచ్చు. నడుము నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇది ఎంతో హాయి. తొలి దశలో పడుకోకుండా నిలబడి, నడుస్తూ ఉన్నవాళ్ళకు ఆ దశ సగటున గంటకు పైగా తగ్గిందని పాతిక పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2013లో తేల్చింది.

వీటన్నిటిలో నాకు అమూల్యమనిపించేది నడుము అదమడం. పక్కనున్న మనిషి అరచేతిలో మణికట్టుకు దగ్గరగా ఉండే భాగాన్ని నడుము కింద పిరుదుల మధ్య ఎముక మీద ఆనించి, నొప్పి మొదలైన క్షణం నుంచి తగ్గేదాకా కదపకుండా గట్టిగా నొక్కి పట్టాలి. రుద్దనక్కర్లేదు. ఎంత గట్టిగా, ఎంత పైకి, ఎంత కిందికి అన్నది ఆ అమ్మాయే చెబుతుంది. ఇద్దరుంటే తుంటికి అటొకరు ఇటొకరు అరచేతులు ఆనించి లోపలికి అదమవచ్చు. మొగుడు చేయగలిగిన పని ఇది. ప్రసవం గది బయట తచ్చాడే మగవాడికి ఇంతకు మించిన సాయం ఇంకొకటి దొరకదు. ఈ అదమడం ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం ఒక దారి చూపింది: స్పర్శనూ ఒత్తిడినీ మోసే నరాల సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలను కొంత అడ్డుకుంటాయి. నడుము మీద వేడినీళ్ళు ధారగా పోయడంలోనూ, వేడి గుడ్డ కాపడంలోనూ ఉన్న సుఖం ఇలాంటిదే. చర్మం కాలకుండా చూసుకోవాలి, అంతే.

ఊపిరి గురించి పెద్ద పాఠం అక్కర్లేదు. ముక్కుతో పీల్చి, నోటితో నెమ్మదిగా పొడవుగా వదలాలి. పళ్ళు బిగించకూడదు, భుజాలు జారవిడవాలి. మూలుగు వస్తే రానివ్వాలి. "అరవకు, పక్కింటివాళ్ళు వింటారు" అనే మాట దయచేసి ఎవరూ అనకండి. గొంతులోంచి దీర్ఘంగా వచ్చే మూలుగు ఒళ్ళు వదులవడానికి సాయం చేస్తుంది. భయం ఒంటిని బిగిస్తుందని, బిగుసుకున్న ఒళ్ళు నొప్పిని పెంచుతుందని, ఆ నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుందని ఇంగ్లండు డాక్టరు గ్రాంట్లీ డిక్-రీడ్ గత శతాబ్దం తొలి సగంలోనే రాశాడు. అందుకే గదిలో దీపం తగ్గించాలి, చుట్టాలను బయటికి పంపాలి, ఫోన్లు పక్కన పెట్టాలి.

పాత పద్ధతులన్నీ మంచివని మాత్రం అనలేం. పైనుంచి పొట్ట నొక్కడం, ముఖద్వారం తెరుచుకోకముందే ముక్కమనడం, ఆముదం తాగించడం మానుకోవాలి. నొప్పులు పెరగడానికని ఊళ్ళో ఆర్.ఎం.పి. చేత ఇంజెక్షన్ చేయించడం వీటన్నిటికంటే ప్రమాదం. దానివల్ల గర్భసంచి చిట్లిపోవచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు.

ఇంట్లో ఓపిక పట్టడం అందరికీ తగదు. నెలలు నిండనివాళ్ళు, కవలలు మోస్తున్నవాళ్ళు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నవాళ్ళు, ముందు సిజేరియన్ అయినవాళ్ళు, బి.పి. లేదా షుగరు ఉన్నవాళ్ళు, ఆసుపత్రికి దూరంగా ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టు ముందే వెళ్ళిపోవాలి. మిగతావాళ్ళకు మామూలుగా చెప్పే లెక్క ఇది: తొలి కాన్పులో అయిదేసి నిమిషాలకు ఒక నొప్పి, ఒక్కోటి దాదాపు నిమిషం పాటు, అలా ఓ గంట నిలబడితే బయల్దేరాలి. రెండో కాన్పైతే అంతదాకా ఆగకూడదు. ఉమ్మనీరు పోయినా, అందులో పచ్చదనం కనిపించినా, రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, జ్వరం వచ్చినా నిమిషాలు లెక్కపెట్టకుండా 108కి ఫోన్ చేయాలి.

ఈ విద్యను మళ్ళీ నేర్పే ప్రయత్నం మన దగ్గరే మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. 2017 చివర్లో కేంద్రమే తెచ్చిన లక్ష్య కార్యక్రమం ప్రసవం గదిలో తల్లి కోరిన తోడును ఉంచాలంటుంది. అయినా నొప్పులు మొదలయ్యేది ఇంట్లో, ఆ వేళ పక్కనుండేది అమ్మో, అత్తో, భర్తో. వాళ్ళు ముందే నేర్చుకోవాలి. ఎనిమిదో నెల పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ తోడుండే మనిషిని వెంట తీసుకెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి: నొప్పులు ఎంత దగ్గరయ్యాక రావాలి, లోపల నా పక్కన ఎవరుండొచ్చు, నొప్పుల మధ్య నన్ను నడవనిస్తారా? మూడో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే, వేరే ఆసుపత్రి చూసుకోవడానికి ఇంకా టైముంది.