రెండు సైన్సు బళ్లు: హోషంగాబాద్, కుప్పం

పేదపిల్లలు చదివే ప్రభుత్వ బడిలో సైన్సు ఎలా చెప్పాలి? దీనికి మన దేశంలో రెండు గట్టి జవాబులు వచ్చాయి. ఒకటి మధ్యప్రదేశ్‌లో, 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 మిడిల్ స్కూళ్లలో మొదలైంది. రెండోది మన కుప్పం దగ్గరున్న అగస్త్య ఫౌండేషన్. దాన్ని 1999లో రాంజీ రాఘవన్ స్థాపించారు. మొదటిదాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. అయినా బడికి ఎక్కువ ఇచ్చింది ఆగిపోయినదే అని నా నమ్మకం.

కిశోర్ భారతి సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి హోషంగాబాద్ పనికి పూనుకున్నాయి. 1978కల్లా అది జిల్లాలోని మిడిల్ స్కూళ్లన్నిటికీ చేరింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ ఆ తర్వాత దాన్ని భుజానికెత్తుకుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వాడిన 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకాల్లో బట్టీ పట్టడానికి నిర్వచనాలు దొరకవు. ఏం చేయాలో చెప్పి, ఏం కనిపించిందని అడుగుతాయి. పిల్లలు నలుగురేసి కూర్చుని ప్రయోగం చేసి, చూసింది సొంత మాటల్లో రాసుకునేవాళ్లు. ఆ రాత లేనిదే పాఠం పూర్తయ్యేది కాదు. సందేహం వస్తే సవాలీరామ్ అనే కల్పిత పాత్రకు ఉత్తరం రాసేవాళ్లు.

అన్నిటికంటే ధైర్యమైన పని పరీక్షలో చేశారు. పుస్తకం, నోట్సు తెచ్చుకుని రాయనిచ్చారు. చేతులతో చేసి చూపించే పరీక్ష వేరుగా పెట్టారు. పరీక్ష మారకపోతే ఎంత మంచి టీచరైనా జనవరి వచ్చేసరికి ప్రశ్న-జవాబుల గైడు పట్టుకోక తప్పదు. టీచర్లనూ ఒంటరిగా వదల్లేదు. శిక్షణలో వాళ్లే పిల్లల్లా ప్రయోగాలు చేశారు, నెలనెలా కలిసి తరగతిలో ఎక్కడ చిక్కుపడ్డారో చెప్పుకున్నారు.

అగస్త్య వ్యాన్లు, బైకులు నమూనాలతో ఊరి బడికి వస్తాయి. ఎప్పుడూ కటకం పట్టుకోని పిల్ల దాన్ని తిప్పి చూస్తుంది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ వ్యాను వెళ్లిపోయాక మర్నాటి పీరియడులో టీచరు చేతిలో ఉండేది పాత పాఠమే, పాత ప్రశ్నపత్రమే. అయితే అగస్త్య దగ్గర హోషంగాబాద్‌లో లేని గొప్ప ఆలోచన కూడా ఒకటుంది: పిల్లలనే బోధకులుగా తయారుచేయడం. తోటివాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పిల్ల పాఠాన్ని అప్పజెప్పి ఊరుకోలేదు.

హోషంగాబాద్‌కూ లోటుంది. తొమ్మిదిలోకి అడుగుపెట్టగానే మళ్లీ మామూలు పుస్తకం, మామూలు పరీక్ష. మార్కులే ఆధారమైన ఇంట్లో తల్లిదండ్రులకు అది భయమే, ఆ భయం న్యాయమైనదే. పైగా ప్రభుత్వంలో భాగమైన పని కాబట్టి ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. బయట నిలబడ్డ అగస్త్యకు ఆ ప్రమాదం తక్కువ. కానీ బడి పరీక్షను మార్చే అధికారమూ దానికి లేదు.

మరి మనం ఏం చేయొచ్చు? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో టీచర్లు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు వెళ్తూనే ఉన్నారు. అక్కడ ఒక పూట సైన్సు టీచర్లు కలిసి ప్రయోగాలు చేసి, ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రంలో కనీసం ఒక్క ప్రశ్న పిల్లలు స్వయంగా చేసి చూసినదాని మీద పెట్టాలి. మీ ఊరి చెరువు నీళ్లలోనా, బోరు నీళ్లలోనా సబ్బు ఎక్కువ నురగ ఇచ్చింది? ఎలా తేల్చుకున్నావు? ఈ ప్రశ్నకు గైడులో జవాబు ఉండదు.