గడియారం వైపు చూసిన చూపు

పోయిన నవంబరు మొదటి వారం. న్యూజెర్సీలో ఆ రోజుల్లో సాయంత్రం అయిదు కొట్టేసరికే చీకటి పడిపోతుంది. మా అమ్మాయి చదివే హైస్కూలు ఆడపిల్లల సాకర్ జట్టు రాష్ట్ర నాకౌట్ పోటీల్లో ఆడుతోంది. ఓడితే ఆ ఏడాదికి ఆట అయిపోయినట్టే. స్కోరు 1-0, మావాళ్లదే పైచేయి, ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. దుప్పట్లు కప్పుకుని కూర్చున్న తల్లిదండ్రులమంతా లేచి నిలబడ్డాం. అప్పుడు అవతలి జట్టుకి త్రో-ఇన్ వచ్చింది. బంతి లోపలికి పడింది, ఎవరి కాలికో తగిలింది, మా గోల్‌కీపర్ చేతుల కిందుగా వలలోకి పోయింది.

అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీ కిక్కుల్లో మా కెప్టెన్ కొట్టిన బంతి క్రాస్‌బార్ మీదుగా వెళ్లిపోయింది. పన్నెండో తరగతి పిల్ల. స్కూలు జట్టుకి ఆమె కొట్టిన ఆఖరి బంతి అదే.

ఆట అయ్యాక రెండు జట్లూ ఎదురెదురుగా వరసలో నడుస్తూ చేతులు తాకించుకుంటారు. ప్రతి చేతికీ 'గుడ్ గేమ్' అనాలి. మా పిల్లలు ఏడుస్తూనే నడిచారు, ఏడుస్తూనే ఆ మాట ఇరవైసార్లు చెప్పారు. అవతలి గోల్‌కీపర్ మా కెప్టెన్ దగ్గర ఆగి, వరస కదలకపోయినా సరే, గట్టిగా కావిలించుకుంది. నేను తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. అంత దుఃఖంలో అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు.

కారెక్కాక ఆ మర్యాద మేం నిలుపుకోలేకపోయాం. "పోన్లే తల్లీ, ఓటమే గెలుపుకి మెట్టు" అన్నాను నేను. మావారు స్టీరింగు మీంచి చూపు తిప్పకుండానే, "ఆ పిల్ల అంత పైకి ఎందుకు కొట్టిందో" అన్నారు. వెనక సీట్లోంచి, "నాన్నా, తన గురించి ఏమీ అనొద్దు, ప్లీజ్" అని ఒక్క మాట వినపడింది. ఇంటికి చేరేదాకా ఇంకెవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి పడుకున్నాక నాకు తట్టింది. మా ఇద్దరి మాటలూ ఒకే ఇంటివి. పరీక్ష రాసి వస్తే ఎన్ని మార్కులు పోయాయి, ఎక్కడ పోయాయి, పక్కింటి పిల్లకి ఎన్నొచ్చాయి అని అడిగే ఇళ్లలో పెరిగాం మేం. పోయినదానికి ఎవరో ఒకరి పేరు పెట్టాలి, లేదా ఏదో ఒక సామెత కప్పెయ్యాలి. ఈ రెండూ తప్ప మూడో దారి మాకు ఎవరూ చూపించలేదు.

ఆ మూడో దారి మా అమ్మాయికి వాళ్ల కోచ్ చూపించాడు.

ఆయన మూడు రోజులు ఆ మ్యాచ్ ఊసే ఎత్తలేదట. నాలుగో రోజు అందరినీ ఒక క్లాసురూములో కూర్చోబెట్టి మ్యాచ్ వీడియో పెట్టాడు. రెండే షరతులు. ఒకటి, పెనాల్టీ కిక్కులు చూడం. రెండు, ఎవరికి వాళ్లు తమ ఆటలో ఒక్క క్షణం వెతికి చూపించాలి, ఇంకొకరి పేరు ఎత్తకూడదు. ఆ సాయంత్రం మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. పప్పు గిన్నె పక్కకి జరిపి, "అమ్మా, ఇటు చూడు" అంది.

త్రో-ఇన్ పడబోయే క్షణం దగ్గర వీడియో ఆపింది. అవతలి పిల్ల గీత దగ్గర బంతిని రెండు చేతులా తల వెనక్కి ఎత్తి పట్టుకుంది. మావాళ్లు కొందరు దగ్గరికి జరుగుతున్నారు. మా అమ్మాయి ఎడమవైపు డిఫెండరు. ఆమె మాత్రం కదలడం లేదు. తల పైకెత్తి ఉంది. ఎటు చూస్తోందో నాకు మొదట అర్థం కాలేదు.

"స్కోరుబోర్డు," అంది. "టైం చూస్తున్నాను."

టీవీలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. ప్రొఫెషనల్ మ్యాచ్‌లో సమయం రిఫరీ చేతిలో ఉంటుంది, గడియారం సున్నా నుంచి పైకి పోతుంది, తొంభై దాటాక ఇంకెంతసేపు ఆడిస్తాడో ఆడేవాళ్లకి కచ్చితంగా తెలియదు. ఇక్కడి హైస్కూలు ఆట నలభై నిమిషాల చొప్పున రెండు సగాలు. స్కోరుబోర్డు మీద గడియారం నలభై నుంచి కిందికి, సెకనుతో సహా, దిగుతూ వస్తుంది. ముందంజలో ఉన్న జట్టుకి అంతకంటే పెద్ద ఆకర్షణ లేదు. మనం ఇంకేం చెయ్యక్కర్లేదు, అదే అయిపోతుంది అనిపిస్తుంది. మా అమ్మాయి రెండు సెకన్లు దానివైపు చూసింది. ఆ రెండు సెకన్లలో అవతలి జట్టు పదకొండో నంబరు పిల్ల ఆమె వెనక నుంచి జారి గోల్ ముందుకి పోయింది. ఆ గుంపులో బంతి తగిలిన కాలు ఆ పిల్లదే.

నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఇంత చిన్నదానికి నువ్వెందుకమ్మా బాధపడటం?"

"చిన్నదే కదమ్మా, అందుకే దిద్దుకోవచ్చు," అంది. వీడియో వెనక్కి జరిపి చూపించింది. "రెండడుగులు ముందు నిలబడాలి. ఒక్కసారి భుజం మీంచి చూసుకోవాలి. అంతే."

ఆ మాట విన్నాక, మెట్టు సామెత మీద నాకున్న నమ్మకం పోయింది. ఓటమి దానంతటది మెట్టు అవ్వదు. ఎక్కడ నిలబడ్డావు, ఎటు చూశావు అని కళ్లు విప్పుకుని చూసినవాళ్లకి మాత్రమే అందులోంచి ఏదో దొరుకుతుంది. మిగతావాళ్లకి అది వట్టి నొప్పి. ఆ క్లాసురూములో కెప్టెన్ వంతు వచ్చినప్పుడు అందరూ తలలు దించుకున్నారట. ఆమె పెనాల్టీ ఊసెత్తలేదు. రెండో సగంలో తానొక్కతే గోల్‌కీపర్ ఎదురుగా ఉండి, పక్కకి ఇవ్వాల్సిన బంతిని తనే కొట్టేసిన క్షణం చూపించింది. అది గోల్ అయితే 2-0. పెనాల్టీల దాకా వచ్చేదే కాదు.

కెప్టెన్ గురించి ఆలోచిస్తే నాకు 2011 జులై గుర్తొస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మహిళల ప్రపంచకప్ ఫైనల్, అమెరికా మీద జపాన్. అమెరికా రెండుసార్లు ముందంజ వేసి రెండుసార్లూ చేజార్చుకుంది. రెండోసారి 117వ నిమిషంలో, అదనపు సమయం ఇంకో మూడు నిమిషాల్లో ముగుస్తుందనగా, కార్నర్ కిక్ మీద హొమారె సావా గోల్ కొట్టింది. తరవాత పెనాల్టీల్లో అమెరికా మొదటి మూడు కిక్కులూ పోయాయి. అందులో రెండు న్యూజెర్సీ అమ్మాయిలవి. డెల్రాన్ హైస్కూల్లో ఆడి పెరిగిన కార్లీ లాయిడ్ బంతిని క్రాస్‌బార్ మీదుగా కొట్టింది. బాస్కింగ్ రిడ్జ్‌లో పెరిగిన టోబిన్ హీత్ కిక్కుని జపాన్ గోల్‌కీపర్ ఆపేసింది.

మరుసటి ఏడు లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా అదే జపాన్ మీద 2-1తో గెలిచింది. రెండు గోల్సూ లాయిడ్‌వే. 2015లో వాంకూవర్‌లో ప్రపంచకప్ ఫైనల్, మళ్లీ జపానే. మొదటి పదహారు నిమిషాల్లో లాయిడ్ మూడు గోల్స్ కొట్టింది. మూడోది మైదానం మధ్యగీత దగ్గర నుంచి కొట్టిన బంతి. 5-2తో ముగిసిన ఆ మ్యాచ్‌లో అమెరికా ఆఖరి గోల్ టోబిన్ హీత్‌ది. నాలుగేళ్ల కిందటి ఆ రెండు కిక్కుల తరవాత వాళ్లు ఎన్ని వేల బంతులు కొట్టి ఉంటారో. లాయిడ్ పండగ రోజుల్లో కూడా ఒంటరిగా ప్రాక్టీసు చేసేదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మా అమ్మాయి ఇప్పుడు గరాజ్ తలుపుకేసి బంతి కొట్టే చప్పుడు రోజూ వింటున్నాను కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను చదువుకున్న బళ్లో ఆటల పీరియడ్ వచ్చిందంటే గ్రౌండు మగపిల్లలది. మేం వరండాలో కూర్చుని నోట్సు రాసుకునేవాళ్లం. అందుకే నేను జీవితంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. అది గొప్ప కాదు, లోటు. నలుగురి ముందు ఓడిపోయి, మర్నాడు అదే నలుగురితో కలిసి మళ్లీ మొదలుపెట్టడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. ఉద్యోగంలో మొదటి పెద్ద దెబ్బ తగిలినప్పుడు నెల రోజులు ఎవరికీ మొహం చూపించలేకపోయాను.

అమెరికాలో కూడా ఇది ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1971-72లో దేశమంతటా కలిపి హైస్కూలు సాకర్ ఆడిన ఆడపిల్లలు 700 మంది. 1972 జూన్‌లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే బడి ఏదైనా ఆడపిల్లలకి అవకాశం నిరాకరించకూడదంది. ఇప్పుడు ఆ 700 మంది మూడున్నర లక్షలు దాటారు. అంటే ప్రతి ఏడాదీ ఎన్నో వేల మంది ఆడపిల్లలు నవంబరు చలిలో ఏడుస్తూ 'గుడ్ గేమ్' చెప్పుకుంటున్నారన్నమాట. మా అమ్మ తరానికీ నా తరానికీ దక్కని ఆ ఏడుపు నా కూతురికి దక్కినందుకు నాకు సంతోషంగా ఉంది.

ఆగస్టులో కొత్త సీజను ప్రాక్టీసు మొదలవుతుంది. మ్యాచ్‌లు ఎక్కువగా మామూలు పనిదినాల్లో, సాయంత్రం నాలుగింటికి పెడతారు. ఆ వేళకి సగం మెట్లు ఖాళీగా ఉంటాయి, మన తెలుగు మొహాలు మరీ తక్కువ. వీలు చేసుకుని రండి. పిల్లలు ఓడిపోయి కారెక్కితే ఏమీ అడక్కండి, ఎవరి పేరూ ఎత్తకండి. నీళ్ల సీసా అందించండి, హీటరు వెయ్యండి. వీడియో వాళ్లే తెచ్చి చూపిస్తారు.