ఏడు రాత్రుల బువ్వ

2025 సంక్రాంతికి పిల్లల బడికి జనవరి 11 నుంచి 17 దాకా సెలవులిచ్చారు. శనివారం పొద్దున జూబ్లీ బస్‌స్టేషన్‌లో బస్సెక్కి, సిద్దిపేట మీదుగా మధ్యాహ్నానికి కరీంనగర్‌లో దిగాం. అత్తమ్మ వాకిట్లో ఎండకు కూర్చుని చాటలో చిక్కుడుకాయలు తుంచుతోంది. పిల్లల తలలు నిమిరి, నన్ను చూసి అన్న మొదటి మాట ఇది: "బియ్యం నానవోసిన బిడ్డా. రేపు రాత్రికి సర్వపిండి."

ఆ రోజు రాత్రి కూర ఇంకా పొయ్యెక్కలేదు. ఆమె అప్పటికే మరుసటి రాత్రిలో ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చేతి రుచిని మెచ్చుకోని పండుగ లేదు. రుచి వెనకాల ఉన్న అసలు పనితనం మాత్రం ఆ వారమే నాకు కళ్లకు కట్టింది. ఎనిమిది మందికి ఏడు రాత్రుల బువ్వను ఆమె ఏడు వంటలుగా చూడదు, ఒకటే నేతగా చూస్తుంది. ఒక రాత్రి పోగు ఇంకో రాత్రిలోకి పోతుంది. "రేపటి బువ్వ ఇయ్యాల్టి పొయ్యి మీదనే మొదలైతది" అంటుంది.

కాగితం మీద ఆమె ఏమీ రాసుకోదు. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క తప్ప మరో గీత ఉండదు. లెక్కంతా తలలోనే. ఏ రోజు ఏ వారం, ఏ పండుగ, ఎవరు ఎప్పుడు వస్తారు, ఎవరు ఎప్పుడు పోతారు, సంతలో ఏ కూరగాయ లేతగా ఉంది, చలి ఎంత ఉంది. ఈ చివరిది నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకు అదే మొదటిది. చలికి పెరుగు తోడుకోదు, పప్పు త్వరగా నానదు, తడిపిండి తొందరగా ఆరదు. అదే చలికి ఉడికిన కూర మాత్రం తెల్లారిందాకా చెడదు. చలి దేన్ని ఆపుతుందో, దేన్ని కాపాడుతుందో చూసుకున్నాకే ఆమె వారం మొదలవుతుంది.

ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ జిల్లా బోథ్ వైపు. జనవరిలో ఆ అడవి పల్లెల్లో రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. అక్కడ బువ్వంటే జొన్న. మెట్టినిల్లు కరీంనగర్ వైపు. 1963లో నెహ్రూ పోచంపాడులో పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ నీళ్లు పారాక, ఊరి పక్కన లోయర్ మానేరు నిండాక ఇక్కడి పొలాల్లో వరి పెరిగింది. జొన్న సీమలో పుట్టి వరి సీమకు వచ్చిన మనిషి ఆమె. ఈ రెండు ధాన్యాలను వారంలో ఎక్కడెక్కడ కూర్చాలో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో అనిపిస్తుంది.

శనివారం రాత్రి జొన్నరొట్టె. ఇంట్లో గ్యాస్ ఉంది, రొట్టె మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీదే. పిండి శుక్రవారం గిర్నిలో పట్టించింది. వారం దాటిన పిండిని ఆమె రొట్టెకు ముట్టదు. జొన్నకు గోధుమలా సాగే గుణం లేదు. పాతబడిన కొద్దీ ఉన్న ఆ కాస్త పట్టూ పోతుంది, రొట్టె అంచులు పగులుతాయి. అందుకే వేడినీళ్లు. ఎసరు తెర్లుతుండగా పళ్లెంలో పిండి నడుమ గుంట చేసి పోసి, గంటె కాడతో కలిపింది. వేడికి పిండిలోని గంజి విడివడి జిగురొస్తుంది. ఆ జిగురే రొట్టెకు ప్రాణం. చెయ్యి పట్టేంత వేడి తగ్గగానే, అంతా ఒకేసారి కాకుండా ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దను అరచేతి మడమతో నున్నగా పిసుకుతుంది. ముందే పిసికి పెట్టుకుంటే చివరి రొట్టె దగ్గరికి పిండి బిగుసుకుంటుంది.

ఆ తర్వాత చేతుల పని. కుడి అరచెయ్యి పైన తడుతూ ఉంటుంది, ఎడమ చేతి వేళ్లు అంచును కాపు కాస్తాయి. ప్రతి దెబ్బకు రొట్టె తనంతట తాను కొంచెం తిరుగుతుంది. పది పన్నెండు దెబ్బలకు రొట్టె పళ్లెమంత అవుతుంది. నా చేతిలో రొట్టె రెండుచోట్ల చీలింది. ఆమె నా మణికట్టు పట్టుకుని, "నొక్కకు బిడ్డా, తిప్పు. నొక్కితే ఇరుగుతది" అంది. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా పెంక మీద వేసి, తడిగుడ్డతో ఆ పొడిని తుడిచేస్తుంది. ఆ తడి ఆరీ ఆరక ముందే తిప్పాలి. ఆరిపోతే పగుళ్లు వస్తాయి, తిప్పడం తొందరైతే పెంకకు అంటుకుంటుంది. చివరికి నిప్పుల పక్కన ఆనించగానే రొట్టె ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది. చిక్కుడుకాయ టమాట కూరలో వేయించిన నువ్వుల పొడి చల్లి వడ్డించింది. చేసిన రొట్టెలు ఇరవై రెండు. తిన్నవి పద్దెనిమిది. మిగిలిన నాలుగూ ఎక్కువై మిగల్లేదు. ఆదివారం సకినాల పనితో పొద్దున వంటకు తీరిక ఉండదు కనుక, వాటిని తుంచి మజ్జిగలో నానేసి ఉల్లిగడ్డ పోపు పెట్టింది. పిల్లలు గిన్నెలు నాకారు.

ఆదివారం సకినాలు. రాత్రంతా నానిన కొత్త బియ్యాన్ని వడకట్టి, తడి ఆరీ ఆరకుండానే గిర్నికి పంపింది. వచ్చిన పిండిని జల్లించి, అందులోంచి కిలోన్నర పక్కకు తీసి, మిగతా దాంట్లో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి నీళ్లతో తడిపింది. ఇరుగుపొరుగు నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. నేల మీద తెల్ల పంచె పరిచారు. సకినం చుట్టడమంటే పిండిని తాడులా పొయ్యడం కాదు. బొటనవేలు, రెండు వేళ్ల నడుమ పిండి జారుతూనే మెలిపడాలి. ఆ మెలిక ఒక్కచోట కూడా తెగకుండా మూడు నాలుగు చుట్లు పక్కపక్కన ఒరుసుకుంటూ రావాలి. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సన్నని వెండి తీగలను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, ఒక అచ్చులో కూర్చే పని అది. పంచె మీద ఆరుతున్న తెల్లని సకినాల వరస చూస్తుంటే, ఆ పనివాడి వేళ్లూ ఈ ఆడవాళ్ల వేళ్లూ ఒకే ఊరి వేళ్లు కదా అనిపించింది.

చుట్టిన సకినాలు పంచె మీద కాసేపు ఆరాలి. తడిపోకపోతే నూనె తాగుతాయి. పిండిలో జల్లెడ పట్టని ఉండ ఒక్కటి ఉన్నా నూనెలో పేలుతాయి. చలికాలపు ఎండ పదిగంటలకు గానీ గట్టిపడదు. అందుకే ఆమె చుట్టడాన్ని సరిగ్గా ఆ వేళకు పెట్టింది. మూడింటికల్లా కాల్చడం అయిపోయింది.

పొద్దున పక్కకు తీసిన పిండి రాత్రి సర్వపిండి అయింది. ఆదివారమైనా పిండివంటలు అవుతున్న ఇంట్లోకి మాంసం రాదు. పొద్దంతా నూనె దగ్గర కూర్చున్నవాళ్లు మళ్లీ కూర వండలేరు. ఈ రెంటికీ ఒకటే జవాబు సర్వపిండి. మధ్యాహ్నమే నానేసిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారంపొడి, కరివేపాకు, ఉల్లికాడలు కలిపి, నూనె రాసిన సర్వ గిన్నె లోపల అడుగున, గోడలకు వేళ్లతో పలచగా ఒత్తుతుంది. వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేస్తుంది. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి.

చిక్కు ఎక్కడంటే, ఒకటి కాలాక సర్వ మండిపోతూ ఉంటుంది. అందులో చెయ్యిపెట్టి రెండోది ఒత్తడం కుదరదు. అందుకే ఆమె దగ్గర రెండు సర్వలున్నాయి. ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్ల పళ్లెంలో చల్లారుతూ. చల్లారేదాన్ని తుడిచి, ఒత్తి సిద్ధం చేసేసరికి పొయ్యి మీదిది దిగుతుంది. పొయ్యి ఖాళీగా లేదు, చెయ్యి ఖాళీగా లేదు, తినేవాళ్లు ఎదురుచూడలేదు. పెద్ద కార్ఖానాలో పని నడిపేవాళ్లు కూడా చూసి నేర్చుకోవలసిన అమరిక అది.

సోమవారం భోగి. నువ్వులద్దిన సజ్జరొట్టె, చిక్కుడు, వంకాయ, అనపగింజలు, క్యారెట్ కలిపిన కూర. భోగినాడు ఆదిలాబాద్ మరాఠీ ఇండ్లలో వండుకునే వంట ఇది. చిన్నప్పుడు పక్కింటి నుంచి నేర్చుకుని కరీంనగర్‌కు వెంట తెచ్చుకుంది. "చలికి సజ్జ, నువ్వు ఒంటికి ఆసరా" అంటుంది.

మంగళవారం సంక్రాంతి. పగలు పరమాన్నం, గారెలు, పప్పు, నాలుగు కూరలు. రాత్రికి అందరి కడుపులూ నిండే ఉంటాయని ఆమెకు తెలుసు. వండే మనిషికీ ఒక రాత్రి విశ్రాంతి కావాలని కూడా తెలుసు. ముద్దపప్పు, పచ్చిపులుసు. పచ్చిమిరపకాయలు నిప్పుల్లో కాల్చి, ఉల్లిగడ్డ, ఉప్పుతో చేత్తో నలిపి, చింతపండు రసం పోసి, పోపు పెట్టింది. అరగంట పని. బువ్వలో పోసుకుని జుర్రుకుంటుంటే, వారం మొత్తంలో ఇంత తేలికైన రాత్రిని ఇంత బరువైన పగటి పక్కన పెట్టిన నేర్పు అర్థమైంది.

బుధవారం కనుమ. పొద్దున్నే తెచ్చిన మాంసాన్ని ఆమె రెండుగా తీసింది. లేత తునకలు పగటికి, మూలుగ బొక్కలు రాత్రికి. పగటి కూర దిగాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీదే బొక్కలు మధ్యాహ్నమంతా సన్నగా ఉడికాయి. వేరే కట్టె ఒక్కటి కూడా కాలలేదు. రాత్రి జొన్నరొట్టెతో ఆ పులుసు. మా ఆడబిడ్డకు అది ప్రాణం. శుక్రవారం ఇంటి ఆడపిల్లను పంపరు కనుక ఆమెను, ఆమె కొడుకును గురువారమే సాగనంపాలి. బిడ్డకు ఇష్టమైన వంట ఆ బిడ్డ ఇంట్లో ఉండే చివరి రాత్రికి వచ్చింది. కనుమ ఆ రోజే పడిందని ఊరుకోలేదు, బొక్కలను రాత్రికి దాచి దాన్ని అక్కడ పెట్టింది.

గురువారం ఆరుగురమే. జొన్నగటక, మెంతికూర పప్పు, గడ్డపెరుగు. పండుగ తిండి తర్వాత కడుపును కుదుటపరిచే బువ్వ. ఆ పెరుగు కోసం బుధవారం రాత్రే గిన్నెకు తువ్వాల చుట్టి బియ్యం డబ్బాలో పూడ్చింది. బియ్యం చలిని లోపలికి రానివ్వవు.

ఆ రాత్రి పొయ్యి దగ్గర కాగుతూ, ఇంత పనిని ఇంత వరసలో పెట్టడం ఎవరి దగ్గర నేర్చావని అడిగాను. కేస్లాపూర్ పేరు చెప్పింది. ఇంద్రవెల్లి మండలంలోని ఆ ఊళ్లో ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశపు గోండులు గోదావరి జలం తెచ్చి పూజ చేస్తారు. చుట్టూ గోడ ఉన్న గోవాడ్‌లో వాళ్ల వంట. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా పొయ్యిలు 22 మాత్రమే, వంశంలోని 22 కితలకు, అంటే శాఖలకు. కొత్త పొయ్యి వెయ్యరు, వంతులు పెట్టుకుంటారు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని ఆమె ఆ పొయ్యిలను చూసింది. "ఒకరు దించంగనే ఒకరు ఎక్కిస్తరు. అగ్గి ఆరదు, కొట్లాట రాదు. పొయ్యి గాదు బిడ్డా, వంతు ముఖ్యం." రెండు సర్వలు, నిప్పుల మీద బొక్కలు, బియ్యంలో పెరుగు, అన్నీ ఆ ఒక్క మాటలోకి వచ్చి కూర్చున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం మేం బయల్దేరాం. ఏడో రాత్రి బువ్వ కరీంనగర్‌లో తినేది కాదు. దాన్ని కూడా ఆమె వదల్లేదు. తెల్లవారుజామున లేచి పలచని జొన్నరొట్టెలు చేసి, చేత్తో విరిగేంత గట్టిగా పెంక అంచున ఆరబెట్టింది. పల్లీలు, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ రోట్లో దంచిన కారం ఒక సీసాలో. గురువారం గటక దించాక అదే సెగ మీద దగ్గరికి ఉడికించిన పులిహోర పులుసు ఇంకో సీసాలో. "అన్నం ఒక్కటి వండుకో, కలుపుకొని తినుండ్రి."

నూట అరవై కిలోమీటర్లు వచ్చి ఎనిమిదింటికి హైదరాబాద్‌లో తాళం తీశాం. కుక్కర్ పెట్టి, పిల్లలు కాళ్లు చేతులు కడుక్కునేలోపు పులిహోర కలిపాను. ప్రయాణంతో అలసిపోయిన ఇంట్లో, ఆమె పొయ్యి దగ్గర మొదలైన ఏడో రాత్రి ముగిసింది.

సంచి ఖాళీ చేస్తుంటే సకినాల డబ్బా కింద ఒక గుడ్డమూట దొరికింది. విప్పితే జొన్నపిండి, మెత్తగా, ఇంకా గిర్ని వాసనతో. అప్పుడే ఫోను మోగింది. "చేరిన్రా బిడ్డా? మూట చూసినవా? నిన్ననే పట్టిచ్చిన పిండి. పాతది కానియ్యకు."

శనివారం బడి తెరిచారు. ఆ రాత్రి ఎసరు నేను పెట్టాను. పళ్లెంలో పిండి పోసి నడుమ గుంట చేసి, ముద్దను నొక్కకుండా తిప్పాను. మొదటిది చీలింది. మూడోది ఉబ్బింది. రొట్టెలు చేస్తూనే, ఆదివారం రాత్రికి పక్క గిన్నెలో శనగపప్పు నానేశాను.